పర్పుల్ హార్ట్ అప్పీల్ సర్వీసులు: డబ్బు తీసుకున్న కంపెనీకి రెండు స్టార్లు, ఉచితంగా చేసిన పెద్దాయనకి ఐదు

ముందు రేటింగ్ చెప్పేస్తా, ఓపికున్నవాళ్ళు తర్వాత మిగతాది చదువుకోండి. ఫీజు తీసుకుని మిలిటరీ మెడల్స్ అప్పీల్ చేసిపెడతామనే కంపెనీకి ఐదుకి రెండు. ఆ రెండైనా ఎందుకు ఇస్తున్నానో కింద చెప్తాను. ఒక్క డాలర్ తీసుకోకుండా అదే పని చేసిపెట్టిన, మాజీ సైనికుల సంఘంలో సాయం చేసే సర్వీస్ ఆఫీసర్‌కి ఐదుకి ఐదు. కంపెనీ పేరు రాయట్లేదు. రాస్తే వాళ్ళ లాయర్ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది, అది చదివే ఓపిక నాకు లేదు, పైగా వెతికితే ఇలాంటివి ఇంకా దొరుకుతాయి, అన్నిటి వెబ్‌సైట్‌లోనూ అదే జెండా, అదే సెల్యూట్ కొడుతున్న సైనికుడు, అదే "మీకు రావలసిన గౌరవం మీకు ఇప్పిస్తాం".

నేను అమెరికా ఆర్మీలో చేశాను, 2011లో కాందహార్ ప్రావిన్స్‌లో ఉన్నాను. ఇప్పుడు మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా యూనిఫాం వేసుకుంటున్నారు కాబట్టి, వాళ్ళలో ఎవరికైనా, వాళ్ళ అమ్మానాన్నలకైనా పనికొస్తుందని తెలుగులోనే రాస్తున్నా.

అసలు పర్పుల్ హార్ట్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. శత్రువు చేతిలో గాయపడిన లేదా చనిపోయిన అమెరికా సైనికులకి ఇచ్చే మెడల్. 1782లో జార్జ్ వాషింగ్టన్ పెట్టిన ఒక బ్యాడ్జిని 1932లో, ఆయన పుట్టి 200 ఏళ్ళయిన సందర్భంగా, మళ్ళీ తెచ్చారు, అందుకే దాని మీద ఆయన బొమ్మ ఉంటుంది. మిగతా చాలా మెడల్స్‌కి పైఅధికారి సిఫారసు చేయాలి, ఎవరు ఎంత గొప్పగా పనిచేశారో ఎవరో ఒకరు తూకం వేయాలి. దీనికి ఆ తూకం లేదు. మూడు షరతులు నెరవేరితే అది మీ హక్కు, నెరవేరకపోతే మీరు ఎంత గొప్ప సైనికుడైనా రాదు. గాయం శత్రు చర్య వల్ల అయి ఉండాలి, డాక్టర్ వైద్యం చేయాల్సినంతదై ఉండాలి, ఆ వైద్యం అప్పుడే రికార్డుకెక్కి ఉండాలి. మూడోదాని దగ్గరే జనం పడిపోతారు.

రెండోసారి గాయపడితే ఇంకో మెడల్ ఇవ్వరు. ఆర్మీలో అయితే ఓక్ లీఫ్ క్లస్టర్ అని కంచు ఆకు ఒకటి ఇస్తారు, రిబ్బన్ మీద గుచ్చుకోవాలి. నేవీ, మెరైన్స్‌లో బంగారు రంగు నక్షత్రం. ఆ ఆకు శనగ గింజ కంటే పెద్దదేం కాదు. దానికోసం ఇంత గొడవా అని మా తమ్ముడు కూడా అడిగాడు.

డబ్బు విషయం కూడా ఇక్కడే తేల్చేస్తా, ఎందుకంటే కంపెనీ వాళ్ళు మొదటి ఫోన్ కాల్‌లో దీన్నే తిప్పి తిప్పి చెప్తారు. పర్పుల్ హార్ట్ ఉంటే వీఏ (మాజీ సైనికుల శాఖ) ఆస్పత్రుల్లో ప్రయారిటీ గ్రూప్ 3లో పెడతారు, ఫెడరల్ ఉద్యోగాల్లో 10 పాయింట్ల ప్రిఫరెన్స్ ఉంటుంది, 2001 సెప్టెంబర్ 11 తర్వాత మెడల్ వచ్చినవాళ్ళకి గౌరవంగా డిశ్చార్జ్ అయితే జీఐ బిల్లు (మాజీ సైనికుల చదువుకి ప్రభుత్వం ఇచ్చే సాయం) 100 శాతం వర్తిస్తుంది. ఇవన్నీ మొదటి మెడల్‌తోనే వచ్చేస్తాయి. రెండోది, మూడోది వచ్చినంత మాత్రాన వీటిలో ఏదీ పెరగదు. నెలనెలా వచ్చే డిజెబిలిటీ పరిహారం మీ శరీరం ఎంత దెబ్బతిన్నదన్న రేటింగ్ మీద నడుస్తుంది తప్ప మెడల్స్ లెక్క మీద కాదు. "అదనపు మెడల్, అదనపు బెనిఫిట్స్" అని ఎవరైనా అంటే అక్కడే ఫోన్ పెట్టేయొచ్చు. మరి మొదటి మెడల్ ముందే ఉన్న నేనెందుకు వెళ్ళాను అంటే, మా బండి కింద ఐఈడీ (దారిలో పాతిపెట్టే బాంబు) పేలిన రోజు నాతో ఉన్న ఇంకో ఇద్దరికి మెడల్ వచ్చింది, నా కాగితాల్లో మాత్రం ఆ రోజు అసలు జరగనట్టే ఉంది. ఒక ఉపయోగం కూడా ఉంది: తలకి తగిలిన దెబ్బ శత్రు చర్య వల్లే అని అధికారికంగా రికార్డుకెక్కితే, రేపు ఏ తలనొప్పికో జ్ఞాపకశక్తికో ఫైల్ పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు అది ఎక్కడిదని ఎవరూ అడగరు.

నా సంగతి క్లుప్తంగా. ఎడమ ముంజేతిలో ష్రాప్‌నెల్ (పేలుడులో ఎగిరొచ్చే ఇనప ముక్క) దిగింది, ఆపరేషన్ అయింది, దానికి మెడల్ అక్కడే ఆస్పత్రి మంచం దగ్గరే ఇచ్చారు, పేచీ లేదు. తర్వాత ఒకసారి మా బండి కింద ఐఈడీ పేలింది. ఇంకోసారి రాకెట్ మా గోడ అవతల పడింది. ఈ రెండిటిలో ఒంటి మీద గాటు కూడా లేదు, తలలోనే ఏదో అయింది. ఈ రెండిటికీ కలిపి అప్పీల్ పెట్టాను.

ఇప్పుడు కంపెనీ సంగతి. సేల్స్ కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు, "సర్, థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అని ప్రతి రెండు వాక్యాలకీ ఒకసారి. రెండూ గ్యారంటీగా వస్తాయన్నాడు. నా కాగితం ఒక్కటి కూడా చూడకముందే అన్నాడు, అది గమనించండి. ఫీజు 3,000 డాలర్లు, సగం ముందు, సగం ఫైల్ చేసిన రోజు. ఫలితం వచ్చాక అని ఎక్కడా లేదు.

వాళ్ళు చేసిన మంచి పని ఒకటుంది, ఆ రెండు స్టార్లు దానికే. రికార్డులు తెప్పించారు. ఇది నిజంగా విసుగు పుట్టించే పని. ఆర్మీ పర్సనల్ ఫైల్ ఒక చోట ఉంటుంది, యుద్ధభూమిలో చేసిన వైద్యం రికార్డులు ఇంకో సిస్టంలో ఉంటాయి, ఆ రోజు ఎక్కడ ఏం పేలిందన్న యూనిట్ రిపోర్టులు మరో దగ్గర, వాటికి సమాచార హక్కు కింద విడిగా దరఖాస్తు పెట్టాలి. ఇవన్నీ అడిగి తెప్పించి ఒక పీడీఎఫ్ కట్టగా నాకు పంపారు. తెప్పించారు కానీ చదవలేదు, ఆ ముక్క తర్వాత తెలిసింది.

ఆ తర్వాత నా తరఫున ఒక "కథనం" రాశారు. అది చదివితే నాకే సిగ్గేసింది. మొదటి పేజీ అంతా దేశభక్తి, వలస వచ్చిన కుర్రాడు, అమ్మ కన్నీళ్ళు, నిప్పుల్లో కాలిన బంగారం టైపులో. మా అమ్మ కన్నీళ్ళ గురించి వాళ్ళకెవరు చెప్పారో నాకైతే తెలీదు, ఆవిడ ఆ టైంలో నేను జర్మనీలో ఉన్నాననుకుంటోంది. పేలుడు ఏ తారీఖున, ఏ రోడ్డు మీద, బండిలో నేను ఏ సీట్లో ఉన్నాను, నన్ను ముందు చూసింది ఎవరు, ఏ ఎయిడ్ స్టేషన్‌కి తీసుకెళ్ళారు అన్నవి మాత్రం మూడో పేజీలో ఒక పేరాలో ఇరికించారు, అందులోనూ రెండు సంఘటనలనీ కలిపేశారు. నేను మార్చమంటే, "బోర్డు సభ్యులు కూడా మనుషులే సర్, ఎమోషన్ కనెక్ట్ అవ్వాలి" అన్నారు.

అంతకంటే పెద్ద తప్పు వేరే ఉంది. ఆర్మీ రికార్డులు సరిచేసే బోర్డు ఒకటుంది, ఆర్మీ బోర్డ్ ఫర్ కరెక్షన్ ఆఫ్ మిలిటరీ రికార్డ్స్, ఆర్లింగ్టన్‌లో. డీడీ ఫామ్ 149 అనే దరఖాస్తు పెట్టుకోవాలి, ఫీజు ఏమీ లేదు. అయితే అది చివరి మెట్టు. దానికి ముందున్న దారులన్నీ అయిపోయాకే అక్కడికి వెళ్ళాలని రూలే ఉంది. మెడల్ విషయంలో ముందు వెళ్ళాల్సింది కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్‌కి, అక్కడ అవార్డుల విభాగం ఉంది. మెడల్స్ అప్పీలే మా స్పెషాలిటీ అని చెప్పుకునే కంపెనీ నా ఫైల్‌ని నేరుగా బోర్డుకి పంపింది. సహజంగానే, ముందు అక్కడికి వెళ్ళి రండి అని తిరిగొచ్చింది. ఫైల్ చేశారు కాబట్టి రెండో సగం ఫీజు మాత్రం నా కార్డు మీద పడిపోయింది. నేను ఫోన్ చేస్తే, ఇది "ప్రాసెస్‌లో భాగమే" అన్నాడు కుర్రాడు. సర్ అనడం కూడా తగ్గించాడు ఈసారి.

తర్వాత అదే కట్టని, ఆ కన్నీళ్ళతో సహా, ఫోర్ట్ నాక్స్‌కి పంపారు. ఆధారాలు చాలవని జవాబు వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కట్ట నా చేతికిచ్చి నన్ను తేల్చమన్నా నేనూ అదే చెప్పేవాణ్ణి. సాక్షుల ప్రకటనలు అని పెట్టినవి రెండు. ఒకటి నాతో కలిసి ట్రైనింగ్ చేసినవాడిది, వాడు ఆ రోజు అఫ్గానిస్తాన్‌లోనే లేడు. రెండోది నేను మంచివాణ్ణని రాసిన లెటర్. నేను మంచివాణ్ణో కాదో ఎవరికి కావాలండీ, ఆ బండి పేలినప్పుడు దగ్గరుండి చూసినవాడు కావాలి గానీ.

ఇక్కడ అసలు రూలు చెప్పాలి, ఎందుకంటే తల దెబ్బల కేసుల్లో అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. పేలుడు అదురుకి తలకి అయ్యే గాయం, కంకషన్, పైకి కనపడదు. ఇరాక్, అఫ్గాన్ మొదటి సంవత్సరాల్లో దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2011లో ఆర్మీ దీనిమీద స్పష్టత ఇచ్చి, 2001 సెప్టెంబర్ 11 దాకా వెనక్కి వర్తిస్తుందని చెప్పింది. దాని ప్రకారం, శత్రువు పేల్చినదాని వల్ల స్పృహ తప్పి ఉండాలి, లేదా ఆ లక్షణాల వల్ల 48 గంటలకి మించి పూర్తి డ్యూటీకి పనికిరాడని పక్కన పెట్టి ఉండాలి. అప్పుడే పర్పుల్ హార్ట్. చెవుల్లో గుయ్‌మని హోరు, వినికిడి తగ్గడం, బెణుకులు, చిన్న గీతలు, ఇవి లెక్కలోకి రావు. పీటీఎస్‌డీ (యుద్ధం తర్వాత మనసుని వదలని భయం, ఆందోళన) కూడా రాదు, 2009లోనే పెంటగాన్ ఆ మాట తేల్చేసింది.

ఇప్పుడు మెలిక చూడండి. 2010 నుంచి ఇంకో ఆదేశం ఉంది: పేలుడుకి 50 మీటర్ల లోపల ఎవరున్నా సరే, దెబ్బ తగిలినా తగలకపోయినా, పరీక్ష చేసి 24 గంటలు రెస్ట్ ఇవ్వాలి. మంచి ఆదేశం, ఎన్నో తలల్ని కాపాడి ఉంటుంది. కానీ దానివల్ల ప్రతివాడి కాగితం మీదా "24 గంటలు విశ్రాంతి, తర్వాత డ్యూటీ" అని ఒకే రకంగా పడుతుంది. మెడల్‌కి కావాల్సింది 48 పైన. 24 అయ్యాక డాక్టర్ మళ్ళీ చూసి ఎలా ఉందని అడిగినప్పుడు, తల పగిలిపోతున్నా బాగానే ఉందని చెప్పి తన స్క్వాడ్ దగ్గరికి పరిగెత్తినవాడికి రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇంకో రెండు రోజులు పడుకున్నవాడికి వస్తుంది. ఉన్నది చెప్పడమే కరెక్టు, దాన్ని నేను తప్పుపట్టట్లేదు. కానీ ఇరవై రెండేళ్ళ కుర్రాడు, తన వాళ్ళు తను లేకుండా గేటు దాటి పెట్రోలింగ్‌కి వెళ్తుంటే, మంచం మీద ఉండి నిజం చెప్తాడని రూలు రాసినవాళ్ళు ఎలా అనుకున్నారో నాకు అర్థం కాదు.

ఇది నా ఒక్కడి బాధా కాదు. 2020 జనవరి 8న ఇరాక్‌లో అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ మిసైళ్ళు వేసినప్పుడు వందమందికి పైగా తల దెబ్బలని తేలింది. ముందు 29 మందికే మెడల్ వచ్చింది. గొడవ అయ్యాక మళ్ళీ పరిశీలించి 2021 డిసెంబర్‌లో ఇంకో 39 మందికి ఆమోదించారు. పాత రోజుల్లో చూసినా, వియత్నాంలో రాబర్ట్ హోవర్డ్ అనే ఆయన 14 సార్లు గాయపడ్డాడని చెప్తారు, వచ్చిన పర్పుల్ హార్ట్‌లు 8. గాయాలకీ మెడల్స్‌కీ లెక్క ఎప్పుడూ కుదరలేదు.

సరే, సర్వీస్ ఆఫీసర్ దగ్గరికి వద్దాం. వెటరన్స్ సంఘాలు చాలా ఉన్నాయి, డిజేబుల్డ్ అమెరికన్ వెటరన్స్, అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ. వీటిలో శిక్షణ పొందిన సర్వీస్ ఆఫీసర్లుంటారు, ఉచితంగా సాయం చేస్తారు. నాకు దొరికినాయన వియత్నాం వెటరన్, డెబ్బై దాటినవాడు, చెవులు సరిగ్గా వినపడవు, ఆఫీసు అంటే ఒక హాలు వెనక చిన్న గది, ప్రింటర్ శబ్దం గ్రైండర్‌లా. అపాయింట్‌మెంట్ దొరకడానికే చాలా రోజులు పట్టింది, అది కూడా చెప్పాలి. ఈమెయిల్‌కి జవాబివ్వడు, ఫోన్ చేయాలి, లేదా వెళ్ళి కూర్చోవాలి.

వెళ్ళగానే థాంక్యూలు ఏమీ లేవు. "ఏం జరిగిందో చెప్పకు, ఏం కాగితం ఉందో చూపించు" అన్నాడు. కట్ట మొత్తం ముందు పెట్టుకుని, ఒక్కో పేజీ బొటనవేలు తడి చేసుకుంటూ తిప్పాడు. ఆ కథనం మూడు పేజీలూ చదివి, ఏమీ అనకుండా పక్కన బోర్లా పెట్టాడు. మధ్యలో ఎక్కడో ఒక పేజీ దగ్గర ఆగాడు. ఐఈడీ రోజున మా మెడిక్ (యూనిట్‌లో ప్రథమ చికిత్స చేసే సైనికుడు) నింపిన కంకషన్ పరీక్ష ఫారం అది, మేస్ అంటారు. చేత్తో రాసింది, ఫొటోకాపీకి ఫొటోకాపీ, సగం చెరిగిపోయింది, ఒక మూల మరకేదో నల్లగా పడింది. అందులో స్పృహ తప్పిందా అన్న ప్రశ్నకి ఎదురుగా అవును అన్న గడిలో టిక్కు. పక్కన, ఒక నిమిషం లోపు, చూసినవాడు గన్నర్ (బండి మీద తుపాకీ దగ్గరుండేవాడు) అని ఉంది. కింద బెటాలియన్ డాక్టర్ సంతకం, తారీఖు.

అంటే 48 గంటల లెక్కతో నాకు పనే లేదు. స్పృహ తప్పితే చాలు, ఎంతసేపని కూడా రూలు అడగదు. ఈ పేజీ కంపెనీ తెప్పించిన కట్టలోనే ఉంది, వాళ్ళు ఫోర్ట్ నాక్స్‌కి పంపినదాంట్లోనూ ఎక్కడో అడుగున ఉండే ఉంటుంది, కానీ వాళ్ళ కథనంలో స్పృహ తప్పడమన్న మాటే లేదు. "భయంకరమైన విస్ఫోటనం అతని ప్రపంచాన్ని కుదిపేసింది" అని మాత్రం ఉంది. 3,000 డాలర్లకి అలాంటి వాక్యాలు వస్తాయన్నమాట.

రెండో సంఘటన, రాకెట్‌ది, దాని కాగితం కూడా తీశాడు. స్పృహ తప్పలేదు, చెవుల్లో హోరు, తలనొప్పి, 24 గంటల విశ్రాంతి, తిరిగి డ్యూటీకి. ఆయన కళ్ళజోడు తీసి, ఇది రాదు అన్నాడు. పెట్టొద్దని చెప్పలేదు, పెట్టుకునే హక్కు నీకుంది, కానీ రాదు, ముందే తెలుసుకో అన్నాడు. ఆ మాట కంపెనీవాళ్ళు మొదటి రోజే చెప్పి ఉంటే నేను వాళ్ళకి కూడా ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి. మంచి సర్వీసు అంటే నా దృష్టిలో అదే, ఫీజు గురించి మాట్లాడకముందే ఇది వస్తుంది, ఇది రాదు అని కాగితం చూసి చెప్పగలగడం.

తర్వాత ఆయన నాతో చేయించిన పని ఇదీ. గన్నర్‌ని, మెడిక్‌ని వెతికి పట్టుకోమన్నాడు. మెడిక్ ఇప్పుడు నర్సుగా చేస్తున్నాడు, రాత్రి షిఫ్టులు, దొరకడం కష్టమైంది. ఇద్దరూ ప్రకటనలు రాశారు. పెద్దాయన షరతు ఒకటే: చూసింది మాత్రమే రాయాలి, విశేషణాలు వద్దు. గన్నర్ రాసింది ఒక పేజీ కూడా లేదు. బండి ఎగిరిపడింది, నేను వెనక్కి తిరిగి చూస్తే ఇతని తల ఒక పక్కకి వాలిపోయి ఉంది, పేరు పెట్టి పిలిచాను, పలకలేదు, భుజం పట్టి ఊపాక కళ్ళు తెరిచాడు, ఏమైందని ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగాడు. అంతే. అది చదివాకే ఆ రోజు నేనెలా ఉన్నానో నాకూ తెలిసింది, నాకు ఆ ముక్క గుర్తులేదు మరి.

దానికి తోడు ఆ రోజు ఆ రోడ్డు మీద పేలుడు జరిగినట్టు యూనిట్ రిపోర్టు, మేస్ ఫారం పెద్దది చేసి ప్రింట్ తీసి ఆ టిక్కు పక్కన ఒక బాణం గుర్తు, నా డిప్లాయ్‌మెంట్ ఆర్డర్లు, డీడీ 214 (సర్వీసు వివరాలన్నీ ఉండే డిశ్చార్జ్ కాగితం). నా కథనం ఒక్క పేజీ, అది కూడా తారీఖులతో. ఫోర్ట్ నాక్స్ జవాబు ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి ఈసారి బోర్డుకి పంపొచ్చు. పొరపాటు తెలిసిన మూడేళ్ళలోపు అడగాలని ఒక గడువుంది. దాటిపోయినా, న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు ఆ గడువుని పక్కన పెట్టొచ్చు, ఎందుకు ఆలస్యమైందో ఫారంలోనే రాయాలి. ఇది తెలియక చాలామంది పాతవాళ్ళు టైం అయిపోయిందని వదిలేస్తారు.

ఇంకో మంచి సలహా కూడా ఇచ్చాడు. బోర్డు పాత నిర్ణయాలు పేర్లు తీసేసి ఆన్‌లైన్‌లో పెడతారు. డబ్బు ఖర్చు పెట్టేముందు అవి చదవండి. నేను ఒక వారాంతం కూర్చుని చదివాను. ప్రతిదాంట్లోనూ అదే: ఏం అడిగాడు, ఏ రికార్డులో ఏముంది, రూలేంటి, కాబట్టి ఇది. పేలుడు, వైద్యం, సంతకం మూడూ ఉన్నవాళ్ళవి ఒప్పుకుంటారు, ఏదో ఒకటి లేనివాళ్ళవి పోతాయి. కన్నీళ్ళకి మార్కులు వేసిన కేసు నాకు ఒక్కటి కూడా కనపడలేదు. కూర్చునేది ముగ్గురు సివిలియన్ సభ్యులు, కాగితాల మీదే తేలుస్తారు, మనల్ని ఎదురుగా పిలిచి వినడం చాలా అరుదు. కాబట్టి మీ బదులు మాట్లాడాల్సింది కాగితమే.

టైం గురించి టెన్షన్ పడకండి, పడినా ఉపయోగం లేదు. చట్టం ప్రకారం వచ్చిన కేసుల్లో 90 శాతం 10 నెలల్లో, మిగతావి 18 నెలల్లో తేల్చాలి. మధ్యలో ఫోన్లు చేస్తే ముందుకి జరగదు. కంపెనీ "ఎక్స్‌పిడైట్ ప్యాకేజీ" అని ఇంకో 500 అడిగింది, నేను కట్టలేదు, డబ్బు కట్టి కొనుక్కునే అలాంటి అడ్డదారి బోర్డులో ఏదీ లేదు.

ఫలితం వచ్చింది. ఐఈడీ రోజుకి ఇచ్చారు, రాకెట్ రోజుకి ఇవ్వలేదు, పెద్దాయన చెప్పినట్టే. దాంతో డీడీ 215 అని సవరణ కాగితం వస్తుంది, డీడీ 214ని మళ్ళీ రాయరు, దానికి ఇది అతికిస్తారన్నమాట. నిర్ణయం కాగితంలో ఆ మేస్ ఫారం గురించి, గన్నర్ ప్రకటన గురించి విడివిడిగా రాశారు, చదివారని తెలుస్తుంది. రాకెట్ విషయంలో రాసింది కూడా మర్యాదగానే ఉంది, గాయం కాలేదని అనలేదు, షరతులకి సరిపోలేదన్నారు. ఆ రూలు మీద నాకు పేచీ ఉందని పైన చెప్పాను, ఇంకా ఉంది. కొత్త ఆధారం దొరికితే మళ్ళీ చూడమని అడగొచ్చు, నా దగ్గర లేదు, వదిలేశాను.

అయితే డబ్బిచ్చి చేయించుకోవడం ఎప్పుడూ దండగేనా? అలా అనను. రెండు మూడు సందర్భాల్లో నిజమైన లాయర్ కావాలి. బోర్డు కాదన్నాక ఫెడరల్ కోర్టుకి వెళ్ళాలనుకుంటే, లేదా డిశ్చార్జ్ పద్ధతి మీదే గొడవ ఉండి మెడల్ దానిలో ఒక భాగమైతే. అప్పుడు కూడా మిలిటరీ రికార్డుల కేసులు చేసిన బార్ లాయర్‌ని చూసుకోండి, జెండా బొమ్మ ఉన్న వెబ్‌సైట్‌ని కాదు. కొరియా యుద్ధ కాలం వాళ్ళ పిల్లలైతే ఇంకో ఇబ్బంది: 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లో రికార్డుల భవనం తగలబడి 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు పోయాయి, 1912 నుంచి 1960 మధ్య డిశ్చార్జ్ అయిన ఆర్మీ వాళ్ళవి దాదాపు 80 శాతం. అలాంటివాళ్ళు యూనిట్ ఉదయపు రిపోర్టులు, ఆస్పత్రి అడ్మిషన్ జాబితాలు, ఇంటికి వచ్చిన టెలిగ్రాం లాంటి పక్కదారి ఆధారాలతో కట్టుకోవాలి, దానికి ఓపికున్న పరిశోధకుడికి డబ్బివ్వడంలో తప్పు లేదు. నాలాగా 2001 తర్వాత సర్వీసు చేసి, రికార్డులు కంప్యూటర్‌లోనే ఉన్నవాళ్ళకి అంత అవసరం రాదు.

వీఏ క్లెయిములు చేసిపెట్టాలంటే వీఏ గుర్తింపు ఉండాలి, మెడల్స్ అప్పీల్ ఆ కిందకి రాదు, అందుకే ఈ కంపెనీలు ఈ సందులో దూరాయని పెద్దాయన అన్నాడు. సంతకం పెట్టేముందు వాళ్ళని ఇవి అడగండి: నా కేసు ముందు ఎక్కడికి పంపుతారు? నా రికార్డులు చదివేది ఎవరు? రాదు అనిపిస్తే ఆ మాట ఫీజుకి ముందు చెప్తారా, తర్వాతా? మొదటి ప్రశ్నకి "బోర్డు" అని జవాబొస్తే ఇంక మిగతావి అడగక్కర్లేదు.

రీఫండ్ అడిగాను. సగం "రీసెర్చ్ ఫీజు", అది వెనక్కి రాదట, ఆ మాట కాంట్రాక్టు నాలుగో పేజీలో ఉంది, నిజంగానే ఉంది, చిన్న అక్షరాల్లో. రెండో సగం మీద కార్డు కంపెనీలో డిస్ప్యూట్ పెట్టాను, ఇంకా నడుస్తోంది. పోయిన వారం అదే కుర్రాడి దగ్గర్నుంచి ఈమెయిల్: మీ కేసు గెలిచినందుకు అభినందనలు సర్, మా పేజీలో మంచి రివ్యూ రాస్తే వచ్చే సర్వీసు మీద 10 శాతం తగ్గింపు.